హెడ్ మాలీ

మా ఆయన్ని గోల్ఫ్ మైదానానికి హెడ్ మాలీని చేశారని ఫోనొచ్చింది. పెళ్లై నెలే. అక్కడే పచ్చిక మీద ఊడుస్తున్న చీపురుతోనే గెంతాను.

"చూశారా మామయ్యా, నేను అడుగుపెట్టిన వేళ."

చలి ముదరకముందే గడ్డి వేళ్లకు గాలాడాలని పచ్చికకు రంధ్రాలు పొడుస్తున్న మా ఆయన యంత్రం ఆపేశాడు. "అది నీ ఉద్యోగం కదా, నాన్నా?"

"నేనే నీకివ్వమన్నాను," అన్నారు మామయ్య, పైకొచ్చిన మట్టి ముక్కలు ఎత్తుతూ. "పోయినేడు గడ్డికి తెగులొస్తే మచ్చలు నువ్వు చూపించావు. నాకు కనబడలేదు. ఇప్పుడు నా కళ్లకు మైదానమంతా ఒకటే రంగు."

"డాక్టరేమన్నాడు?"

"ఇక ఇంతేనన్నాడు."

ఆ గొంతులో బాధ కూడా లేదు. నా చేతులు వాటంతటవే ఊడుస్తున్నాయి.

"రేపు పొద్దున్నే ఈ రంధ్రాలు నిండేలా ఇసుక చల్లాలి," అన్నారు మామయ్య, కొడుకుతో. "ఎక్కడ తక్కువైందో నువ్వు చెప్పు. నేను పోస్తాను."