మారయ్య చెలకలో మంద

డెబ్భై గొర్రెలను చంపింది మీరే, సెన్సర్ల కంపెనీ పెద్దమనుషులారా! నేలలో సత్తువ తగ్గగానే యూరియా నీళ్లు వాటంతటవే పారేలా మారయ్య చెలకలో మిషను పెట్టింది మీరు. ఆ రాత్రి ఎరువు కోసం చెలకలో గొర్రెల కాపరి బీరన్న మందను పెట్టిస్తున్నాను, మిషను ఆపండని మారయ్య మూడుసార్లు ఫోన్ చేశాడు. అంతా మిషనే చూసుకుంటుందన్నారు. రాత్రి మిషను వదిలిన ఆ నీళ్లు తాగి మంద మొత్తం తెల్లారేలోపు చచ్చింది. తప్పు బీరన్నదని రాసుకుని పోయారు.

ఇప్పుడు ఆ చెలకలో గొర్రె అన్నది లేదు. అయినా చీకటి పడగానే మీ మిషను కబురుతో మారయ్య ఫోన్ మోగుతోంది. మంద పెట్టిన చోటనే, కొత్తగా పెంట పడుతున్నట్టు, నేలలో నత్రజని పెరుగుతోందట, రోజూ కొంచెం ఎక్కువ. నిన్న రాత్రి మారయ్య, బీరన్న ఇద్దరూ వెళ్లి చూశారు.

“మిషను ఖరాబయినట్టుంది బీరన్నా.”

“మిషనుకు మంద వాసనొస్తాంది పటేలా. నీకొస్తలేదా?”

టార్చి వెలుగులో ఎర్రమట్టి ఖాళీగా ఉంది. ఆర్పగానే చుట్టూ నెమరు వేస్తున్న చప్పుడు. బీరన్న వంగి నేల మీద చేయి పెట్టాడు. అప్పుడే గొర్రె లేచిపోయిన చోటులా వెచ్చగా ఉంది.

“నా గొర్లే. గీడ్నే పన్నయ్.”

“మరి నిన్ను జూసి లేస్తలేవేంది?”

“నా కోసం గాదు పటేలా. నీళ్లిచ్చినోళ్ల కోసం జూస్తున్నయ్.”

విన్నారు కదా! ఈ రాత్రే మీ పెద్ద ఇంజనీరును పంపండి. బీరన్న బదులు ఆయనే ఆ మందకు కావలి పండాలి. గొంగడి మేమిస్తాం. తెల్లారేదాకా కదలొద్దు, దీపం పెట్టొద్దు.