చైనా కొండల్లో ఒక గది

శుక్రవారం సాయంత్రం ఖతర్‌లో, మెసైమీర్‌లోని పార్కులో కూర్చుని ఓబులేసు ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. చైనాలో ఒక మారుమూల కౌంటీ. పచ్చని కొండలు, జలపాతం, మెట్లుమెట్లుగా వరిమళ్లు.

"ఈ లీవుకు ఈడికి పోదాం."

నాగరత్న నవ్వింది. "రాయచోటికి పోకుండా చైనాకా? భాషన్నా రాదే!"

"అందుకే. మనల్ని గుర్తుపట్టేవాళ్లు ఎవురూ ఉండరు."

"రూములు దొరుకుతాయా?"

"ఒకటి చాలు. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ."

ఆమె సిగ్గుపడి చుట్టూ చూసింది.

ఓబులేసు ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. మరో ముగ్గురితో కలిసి ఒకే గదిలో పడక. నాగరత్న ఇంకో ఇంట్లో ఆయా. నిద్ర పిల్లల గదిలోనే. ఊరికి పోతే ఇంటినిండా చుట్టాలు.

"పెండ్లయి ఇన్నేండ్లకు మనకంటూ ఒక రూము!" అంది నాగరత్న. "బుక్ చెయ్యి. కొండ కనపడకున్నా సరే, తలుపుకు గడియ ఉంటే చాలు."