గ్లౌజుల సైజు

"రెండు జతల గ్లౌజులెందుకమ్మా? మా ఆవిడేమైనా కరుస్తుందా?"

నా కొబ్బరి లారీ అంబాజీపేటలో ఆగిపోయి ఉంది. ఇక్కడ అమలాపురం ఆసుపత్రిలో నర్సు నిర్మల మా భవానికి కీమో మందు ఎక్కించే ముందు గౌను, మాస్కు, కళ్ళజోడు తీరిగ్గా తగిలించుకుంటోంది.

"మందు కరుస్తుందండి."

"మరి దాన్ని ఆవిడ ఒంట్లోకే ఎక్కిస్తున్నారుగా!"

"ఆవిడకి జబ్బుంది కాబట్టి లాభమండి. నాకు ఒట్టి నష్టమేనండి."

బేరం తెలిసిన పిల్ల. కొబ్బరి రాశి దగ్గర ఉండాల్సింది.

సీసా తగిలించాక నిర్మల అడిగింది. "రెండ్రోజులపాటు వాంతిలోనూ ఈ మందు ఉంటుందండి. ముట్టుకునేవాళ్ళకి గ్లౌజులుండాలి. ఇంట్లో బేసిన్ ఎవరు కడుగుతున్నారండీ?"

నాకు తెలియదు. భవాని వైపు చూశాను.

"ఆయ్, నేనేనమ్మా. కాస్త ఓపిక రాగానే కడిగేసుకుంటాను. ఈయనగారికి ఆ వాసన పడదు."

లారీ డ్రైవరు ఫోన్ చేశాడు. కట్ చేశాను.

"ఓ పెట్టె గ్లౌజులు ఇప్పించమ్మా."

"అమ్మగారి సైజేనాండీ?"

నా చెయ్యి చాపాను.

భవాని ఫక్కున నవ్వింది. "కొబ్బరి బొండాలకి తొడిగేవి ఉంటే చూడమ్మా!"