మూసుకోవాల్సినవి

మనవడు ఏడో నెలకే ఊడిపడ్డాడు. గుండె పక్కన, పుట్టగానే మూసుకోవాల్సిన రక్తనాళం ఒకటి వాడికి మూసుకోలేదు.

"నీ నోటి పోలికే నాన్నా," అంది కూతురు.

అది మూసుకోవడానికి మూడు రోజులు మందు ఎక్కించారు. లోపల అద్దాల పెట్టెలో అరచేయంత పిల్లాడు. బయట బల్ల మీద నేను, మరో బల్లలా.

నాలుగో రోజు డాక్టరమ్మ వాడి ఛాతీకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. బయటికొచ్చి, "చప్పుడు ఆగిపోయిందండీ," అంది.

నేనలాగే కూర్చున్నాను. ఏడుపూ రాలేదు.

కూతురు భుజం పట్టి కుదిపింది. "ఆగింది ఆ నాళంలో చప్పుడు నాన్నా! అది మూసుకుంది. గుండె బాగుంది. ఏదో ఒకటి అను!"

యాభై ఏళ్లుగా ఊరంతా మూసుకోమన్నా మూసుకోని నా నోరు, వాడి నాళంతో పాటే మూసుకుంది.