తన చక్రాల మీద తను

“నా సోఫాలే నయం బావా. కనీసం ఈ గదిలోంచి ఆ గదిలోకి కదుల్తాయి.”

పళ్ల డాక్టరు కారు కింద నుంచి తల బయటపెట్టాడు. షెడ్డు గుమ్మంలో బావమరిది కొలతల టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనిది సోఫాల దుకాణం. సరుకు దాచుకోడానికి చోటు చాలడం లేదు. అందుకే ఎప్పుడొచ్చినా షెడ్డు పొడవూ వెడల్పూ కొలుచుకునేవాడే తప్ప కారు వంక చూసేవాడు కాదు.

అదొక పాతకాలపు స్పోర్ట్స్ కారు. ఎర్రటి రంగు, రెండే సీట్లు, పైకప్పు లేదు. కొన్ననాటి నుంచీ షెడ్డు గడప దాటలేదు. అయినా అదంటే డాక్టరుకి ప్రాణం. భార్యని పక్కన కూర్చోబెట్టుకుని అందులో ఒక్కసారైనా షికారు తిప్పాలని ఆయన కోరిక. ఆమె కోరికా అదేనని తమ్ముడికి తెలీదు.

“వచ్చే నెల మొదటి ఆదివారం, భోజనాల వేళకి దీన్ని మా గేటు ముందుకి తీసుకురా చూద్దాం,” అన్నాడు బావమరిది. “ఎవరూ తొయ్యకూడదు. ఇంకో బండి లాగకూడదు. తన చక్రాల మీద తను రావాలి. వస్తే జన్మలో ఈ షెడ్డు ఊసెత్తను. రాకపోతే కారు పాత ఇనుము కొట్టుకి, నా సోఫాలు ఇక్కడికి.”

“తన చక్రాల మీద తను. అంతేగా?”

“అంతే.”

“మాట తప్పవుగా?”

“అక్కే సాక్షి!”

కాఫీ గ్లాసులతో అప్పుడే వచ్చిన అక్క నవ్వు ఆపుకుని తల ఊపింది.

డాక్టరు ఇల్లు గుట్ట మీద, బావమరిది ఇల్లు గుట్ట కింద. మధ్యలో అన్నీ మలుపులే. బ్రేకులు నిరుడే బాగుపడ్డాయి గానీ స్టీరింగు మాత్రం ఇవాళ తిప్పితే చక్రాలు రేపు తిరిగేవి. ఆ రోడ్డు మీద అలాంటి కారెక్కితే నేరుగా ఎవరి వంటింట్లోకో వెళ్లి ఆగాలి.

మొగుడు చొక్కా చేతులు మడిచాడు, పెళ్లాం కొంగు బిగించింది. చక్రాలని తిప్పే పళ్ల కడ్డీ, అదే స్టీరింగు ర్యాక్, విప్పి చూస్తే లోపల పళ్లన్నీ అరిగిపోయి ఉన్నాయి.

“వీటికి సిమెంటు పెట్టలేం. కట్టుడు పళ్లే గతి,” అన్నాడు డాక్టరు, అలవాటు కొద్దీ టార్చి వేసి చూస్తూ. కొత్త ర్యాక్ తెప్పించాడు.

ముందు చక్రాల దగ్గర కుదుపులు ఆపే రబ్బరు బుష్షులు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. ఇనుప తొడుగులున్న కొత్తవి తెస్తే అవి ఎంత కొట్టినా లోపలికి దిగవు. ఆమె వాటిని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టింది. చలికి ముడుచుకుని, పొద్దున్నే చెప్పినట్టు దిగాయి.

“ఇన్నాళ్లూ నిన్ను వంటింట్లో ఉంచి తప్పు చేశాను,” అన్నాడాయన.

“ఇప్పుడు మీరు వెళ్లి కాఫీ పెట్టండి. నేను నట్లు బిగిస్తాను.”

కొత్త స్ప్రింగులు వేసి జాకీ దించితే కారు ముక్కు ఆకాశంలోకి లేచింది. “పొగరెక్కింది దీనికి,” అంది ఆమె. “పొగరు దించుదాంలే,” అన్నాడాయన. మర్నాటికి బుద్ధిగా దిగింది. చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో చూడ్డానికి కారు చుట్టూ దారం లాగి, ఆ కొస ఆమె, ఈ కొస ఆయన పట్టుకుని కూర్చున్నారు.

శనివారం బావమరిది ఫోన్ చేశాడు. “ఇంజను సంగతేంటి బావా? దారిలో మొరాయిస్తే?”

“దాని వల్ల నాకు ఇంతవరకూ ఒక్క ఇబ్బంది కూడా రాలేదోయ్.”

ఆదివారం భోజనం ఎప్పుడూ తమ్ముడింట్లోనే. వంట మాత్రం అక్కదే. డాక్టరు వీధి గేటు తెరిచి వచ్చాడు.

“క్యారేజీ ఒళ్లో పెట్టుకుంటావా?”

“ముందే సర్దేశానండీ. మీరెక్కండి.”

ఆయన చక్రాల కింది చెక్క దిమ్మలు తీసేసి ఎక్కాడు. హ్యాండ్ బ్రేక్ వదిలాడు. కారు గడప దాటింది.

మొదటి మలుపులో ఆమె ఆయన భుజం పట్టుకుంది. రెండో మలుపులో వదిలేసింది. మూడో మలుపులో చేతులు రెండూ గాల్లోకి ఎత్తి చిన్నపిల్లలా కేక పెట్టింది. స్టీరింగు వేలితో తిప్పితే తిరుగుతోంది. డాక్టరు ఆనందానికి హద్దు లేదు.

“డాక్టరు గారూ, ఆగండి! నా పన్ను...” అంటూ దారిలో ఒకాయన చెయ్యి ఊపాడు.

“రేపు రండి!” అని అరిచి, ఆయన్ని దాటి వెళ్లిపోయాడు.

గుట్ట దిగి బావమరిది వీధిలోకి తిరగ్గానే కారు నెమ్మదించింది. గేటు ఇంకా కాస్త దూరంలో ఉంది. ఇద్దరూ సీట్లలో ముందుకి వంగారు.

“రావే తల్లీ, రా. పరువు నిలబెట్టు,” అంది ఆమె.

సరిగ్గా గేటు ముందుకొచ్చి ఆగింది.

బావమరిది నోరు తెరిచాడు. ఓడిపోయినా మనసున్నవాడు, ఎదురొచ్చి బావని కౌగిలించుకున్నాడు. “షెడ్డు నీదే, కారూ నీదే! ఎంత మెత్తగా వచ్చిందయ్యా! కొత్త కార్లు కూడా ఇంత గుట్టుగా నడవవు. ఆ ఇంజను ఒక్కసారి చూడాలి.”

“భోంచేశాక చూద్దువుగానిలే. ముందు క్యారేజీ తియ్యి,” అన్నాడు డాక్టరు.

“ఎక్కడుందక్కా?”

“ముందుంది చూడరా.”

బావమరిది బానెట్ ఎత్తాడు: ఇంజను ఉండాల్సిన చోట రెండు ఇసుక బస్తాలూ, వాటి మధ్య ఒదిగి కూర్చున్న భోజనం క్యారేజీ తప్ప ఇంకేమీ లేవు.