చెరకు పిప్పి మేడ

ఇది రాయకపోదును గానీ, కొన్న పోస్టుకార్డు వృథా అవుతుందని రాస్తున్నాను.

యాభై అయిదులో చోడవరం ఫొటో స్టూడియోకి, బొమ్మలేసే మా పరదేశి వెనకాల కట్టే తెర ఒకటి చేసి ఇచ్చాడు. గుడ్డ మీద రంగులేసి, చెరకు పిప్పి, సిగరెట్ పెట్టెల్లోని తగరం అతికించి పట్నం మేడ నిలబెట్టాడు. (ఆ సిగరెట్లు కాల్చింది నేనే, దగ్గు ఇంకా ఉంది.) జనం దాని ముందు ఫొటోలు దిగారే గానీ, బాగుందన్నవాడు లేడు.

ఓనాడు అచ్చియ్యమ్మ అతని కూతురికి సంబంధం తెచ్చి, పెళ్లికొడుకు ఫొటో చూపించింది.

"విశాపట్నంలో ఉద్యోగం బాబూ! ఎనకాల మేడ సూడు, అందులోనే ఉంటన్నాడు."

పరదేశి చూశాడు. అది తన తెరే.

"నిజెం మేడలాగే ఉందా అప్పా?"

"లాగేటి? నీ కళ్లకి పొరలొచ్చేయా? ఇంత సొగసైన మేడ నా జన్మలో సూళ్లేదు!"

పెళ్లికొడుకు ఎవరో ఏమిటో అడక్కుండా, ఆ మాట మీదే పరదేశి సంబంధం ఖాయం చేసుకున్నాడు.

పెళ్లైన వారానికి ఆ పిల్ల రావికమతంలో మొగుడితోపాటు వరి నాట్లకి కూలికి వెళ్లింది.