నేను కొట్టిన తేదీలు

అనాథ శరణాలయంలో నేను టైపు చేసిన ముప్పై ఏళ్ల ఫైళ్లు నాకు కంఠతా వచ్చు. అందుకే కంప్యూటరు మేడమ్, "మీ పుట్టినతేదీ ఏ ఫైల్లోనూ లేదండీ, అమ్మగారి పేరు దొరకదు," అని తల్లిని వెతుక్కుంటూ వచ్చి ఎదుట కూర్చున్నామెతో అంటుంటే నవ్వొచ్చింది.

"ఏమని వెతికారు, మేధావిగారూ?"

"రోజు, నెల, ఏడాది. ఆ వరసలో ఉన్న అంకెలు కంప్యూటర్ని ఏరమన్నాను, తాతగారూ."

"నేను ఏడాదే ముందు కొట్టేవాణ్ణి. మీ పెట్టెకి ఆ మాత్రం బుర్ర లేదూ?"

మేడమ్ వరస తిప్పింది. క్షణంలో తేదీ, పక్కనే తల్లి పేరు తెరమీదికి వచ్చాయి.

ఎదుట కూర్చున్నామె కళ్లు తుడుచుకుని నాకు దండం పెట్టింది.

నిజానికి ఆ పేరు నాకూ గుర్తులేదు. నాకు దండం పెట్టిందన్నదీ నా కల్పనే, ఆమె పెట్టింది మేడమ్‌కి. నాతో మాత్రం, "మూడేళ్లుగా లేదు లేదంటున్నారు. మీరూ అందరిలా కొట్టుంటే సరిపోయేది కదా, బాబాయ్," అంది.